వీరన్న గారి ఎడమచెయ్యి

మద్రాసులో పురసవాక్కం సిగ్నల్ దగ్గర మా ఆటో పక్కన ఒక సిటీ బస్సు ఉన్నపళంగా ఆగింది. దాని ముందు చక్రం లోంచి కాలిన వాసన వచ్చింది. ఆటో డ్రైవరు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. కాలిన జిగురు, వేడెక్కిన ఇనుము, కొంచెం చేదు కలిసిన ఆ వాసన నాకు కొత్తది కాదు. యవ్వనంలో పదకొండేళ్ళు దాన్ని పీల్చాను. అంబత్తూరులో లారీలకు బ్రేకు లైనింగులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా పనిచేసేదాన్ని. ఆ దుమ్ములో రాతినార, అదే ఆస్బెస్టాస్, ఉండేదనీ అది ఊపిరితిత్తులకు మంచిది కాదనీ అప్పుడు మాకెవరూ చెప్పలేదు. వాసన వస్తే బ్రేకు పనిచేసిందని సంతోషించేవాళ్ళం.

నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో పత్రికకు ఇవ్వవలసిన వ్యాసం ఉంది. గ్రహణం రోజున పిల్లల్ని మధ్యాహ్నమే ఇళ్ళకు పంపేసిన ఒక బడిని, ఆ బడి ప్రధానోపాధ్యాయురాలిని పేరుపెట్టి దులిపేసిన వ్యాసం. రాత్రి మళ్ళీ చదువుకుంటే నాకే ముచ్చటేసింది. బస్సు వాసన తగిలేదాకా ఆ ముచ్చట అలాగే ఉంది. తగలగానే వీరన్న గారు గుర్తొచ్చారు.

లూయీ వీరన్న గారు మా ఫ్యాక్టరీలో పరీక్షల విభాగానికి అధికారి. ఆయన యానాం మనిషి. యానాం ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉన్న రోజుల్లో పుట్టారు కనుక పుట్టుకతో ఫ్రాన్సు పౌరుడు. పద్దెనిమిదేళ్ళకు ఓడెక్కి మార్సే రేవులో దిగి, ఒక గ్యారేజీలో చేరి, కొన్నేళ్ళకు రేసు కార్లు నడిపారు. నీలం రంగు కారులో, తెల్ల అంకెతో, ఏడు సీజన్లు. ఆ దేశపు రేసు కార్లన్నీ నీలమేనట. చిన్న పందేలు రెండు గెలిచారు. ఒక పెద్ద పందెంలో మూడో స్థానం వచ్చింది. యానాం ఇండియాలో కలిసిన కొన్నేళ్ళకు తిరిగొచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని వెనకాల ఫ్రెంచి వీరన్న అనేవారు. ఆయనకది తెలుసు. ఒకసారి ఫోనెత్తి "ఆఁ, ఫ్రెంచి వీరన్నే మాట్లాడుతున్నాను, చెప్పండి" అన్నారు.

నేను ఆ ఊళ్ళోనే చూలైలో పుట్టి పెరిగాను. మా ముత్తాతల నాటి నుంచి ఆ వీధుల్లోనే ఉన్న తెలుగు కుటుంబం మాది. మా నాన్న ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవాడు, సాయంత్రాలు సంస్కరణ సభలకు వెళ్ళేవాడు. పదేళ్ళ వయసు నుంచి ఆయన వెంట నేనూ వెళ్ళేదాన్ని. దెయ్యాలు, జాతకాలు, ముహూర్తాలు అన్నిటి మీదా పెద్దవాళ్ళు వాదించుకోవడం విన్నాను. పదహారేళ్ళకు వేదికెక్కి నేనే వాదించాను. ఎదుటివాడి వాదంలో లొసుగు ఎక్కడుందో పట్టుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. ఫ్యాక్టరీలో చేరిన మొదటివారమే మేనేజరు గదిలో మూలనున్న నిమ్మకాయ, మిరపకాయల దండ చూపించి "సార్, ఇది ఏం పని చేస్తాది ఈడ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. పక్కనున్న వీరన్న గారు నవ్వారు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన కారియర్ తెచ్చుకుని మా లాబ్ లోకి వచ్చేవారు. మిగతా గదుల కంటే మా గది చల్లగా ఉండేది. నేను రేసుల గురించి అడిగేదాన్ని. నా దృష్టిలో ఐరోపా అంటే హేతువు పుట్టిన చోటు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అక్కడెవళ్ళూ ఇట్టాంటివి నమ్మరు గదా సార్?"

"ఎవరమ్మా చెప్పింది నీకు?" అంటూ పెరుగన్నం కలుపుకున్నారు. "నా పక్క కారువాడు మెళ్ళో క్రైస్తవ సాధువు బొమ్మున్న బిళ్ళ లేందే సీట్లో కూచునేవాడు కాదు. ఇంకోడు వాళ్ళ పాప మేజోడు జేబులో పెట్టుకునేవాడు. ఆకుపచ్చ కారంటే హడలు. పదమూడో నంబరైతే అసలిచ్చేవారే కాదు. ఒక ఊళ్ళో పొరపాట్న ఇచ్చారు. ఎవడూ తీసుకోలేదు. నాకిచ్చారు."

"ఏమయింది?"

"మూడోవాణ్ణొచ్చాను."

"చూసినారా! అదీ దెబ్బంటే!" అని బల్ల మీద చరిచాను.

"దెబ్బేంటమ్మా? ముందున్న ఇద్దరికీ నాకంటే మంచి ఇంజన్లున్నాయి. పదమూడు నన్ను ముంచలేదు, తేల్చనూ లేదు. నువ్వు దాన్ని మళ్ళీ తాయెత్తు చేస్తున్నావ్."

నాకు కోపం వచ్చింది. మా సభల్లో నాతో అలా ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆయన దగ్గర ఒక నల్ల అట్ట పుస్తకం ఉండేది. ప్రతి పందెం తర్వాత అందులో రాసుకునేవారట. ఫ్రెంచి నాకు రాదు కనుక ఆయనే వేలు పెట్టి చదివి చెప్పేవారు. గెలిచిన రెండు పందేలకూ తేదీ, ఊరు తప్ప ఏమీ లేదు. ఓడినవాటికి పేజీలున్నాయి. ప్రతి పేజీలో మొదట "నేను" అని రాసి దాని కింద తన తప్పులు. తర్వాత బండి తప్పులు. తర్వాత దారి. చివర్న మిగతా మనుషులు. "గెలిచిన రోజు రాయక్కర్లేదు, పేపరోళ్ళు రాస్తారు" అన్నారు. ఒక పేజీలో మాత్రం "నేను" కింద గీత గీసి ఖాళీగా వదిలేసి ఉంది. అదేమిటని అడిగితే కారియర్ మూత బిగించి లేచి వెళ్ళిపోయారు.

ఆయన పని చూడటమే ఒక పాఠం. ఫ్యాక్టరీ వెనక ఒక తారు బాట ఉండేది, లారీలు నడిపి బ్రేకు వేసి ఎంత దూరంలో ఆగిందో సుద్దముక్కతో గీసి టేపుతో కొలవడానికి. పరీక్ష ఉన్న రోజు ఆయన ఆ బాట ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచేవారు. రాళ్ళు ఏరి పారేసేవారు. ఎక్కడైనా నూనె చుక్క కనిపిస్తే వంగి వేలితో రాసి వాసన చూసేవారు. "నిన్ననే గదా సార్ నడిచినారు" అని ఒకసారి అన్నాను. "నిన్నటి దారి నిన్నటిది" అని ముందుకు సాగిపోయారు.

ఇక ఆయుధపూజ సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో అది పెద్ద పండగ. యంత్రాలన్నీ కడిగి, గంధం పూసి, కుంకుమను నువ్వుల నూనెలో కలిపి బొట్లు పెట్టేవారు, ఇనుము మీద పొడి కుంకుమ నిలవదు కనుక. లారీ చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, కర్పూరం. పరీక్షల లారీకి ఇవన్నీ చేసేది మునిరత్నం. అతను ఫిట్టరు. తిరుత్తణి వైపు తెలుగువాడు, ముప్పై దాటినవాడు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఆ నెల గడిస్తే పర్మనెంటు కావలసినవాడు.

లారీ చక్రంలో ఇనప డ్రమ్ము ఉంటుంది. దాని లోపల ఒరుసుకుని బండిని ఆపేది లైనింగు. ముందు చక్రాలు రెంటికీ ఒకే మిశ్రమంతో చేసిన లైనింగులు ఉండాలి. లేకపోతే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా పట్టి బండి గట్టి పక్కకి లాగుతుంది. ఆ రోజుల్లో నేను రెండు కొత్త మిశ్రమాలు పరీక్షకు సిద్ధం చేశాను. చూపుకి రెండూ ఒకే బూడిద రంగు. అంచున పసుపు చుక్క పెడితే ఒకటి, తెల్ల చుక్క పెడితే ఇంకొకటి. చుక్కలు పెట్టి, జతలు కూర్చి, లాబ్ వాళ్ళం ఇద్దరం చూసి సంతకాలు చేశాకే ఫిట్టరుకు ఇవ్వాలి. ఆ సంతకాలు మధ్యాహ్నం మూడింటికి. మూడింటికే పూజ. పూజలో నిలబడనని నేను ముందే ప్రకటించాను. ఎవరూ నిలబడమని అడగలేదు కూడా. అయినా నా నిరసన అందరికీ కనబడాలని పన్నెండింటికే సంచి భుజాన వేసుకున్నాను. పోతూ పోతూ మునిరత్నంతో "పెట్టెలు బల్ల మీద పెట్టినాను, ఎడమది ఎడమకి, కుడిది కుడికి. బిగించేసెయ్" అని చెప్పి బస్సెక్కాను.

సెలవులయ్యాక పొద్దున్నే వీరన్న గారు లారీ తీశారు. బ్రేకు వెయ్యగానే అది ఎడమకి లాగి కాలవలో పడింది. ఆయన ఎడమ మణికట్టు విరిగింది. ఆయన్ని ఆసుపత్రికి పంపి, లారీని పైకి లాగించి, నేను వెళ్ళి చూశాను. ఎడమ చక్రం నిండా బురద. కుడి డ్రమ్ము మీద ఎర్రగా, జిడ్డుగా కుంకుమ. అది చూడగానే నాకు అంతా అర్థమైపోయింది. నూనె లోపలికి దిగింది, కుడి లైనింగు పట్టు పోయింది, బండి ఎడమకి లాగింది. ఎన్నేళ్ళ నుంచో నేను వేదికల మీద చెబుతున్నది నా కళ్ళ ముందే ఇనుము మీద రుజువైంది. ఆ మధ్యాహ్నమే రెండు పేజీల రిపోర్టు రాశాను. ఇరవయ్యో శతాబ్దపు కర్మాగారంలో ఒక నిపుణుడి చెయ్యి విరిచింది మూఢత్వం అని మొదలుపెట్టాను. బొట్టు పెట్టినవాడి పేరు కూడా రాశాను. సాయంత్రానికి మునిరత్నాన్ని పనిలోంచి ఆపేశారు.

మర్నాడు గేటు దగ్గర అతను నా కోసం నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నేను బయట పెడితిని. లోపలికి ఎట్ల పోతాది? డ్రమ్ము మూసుకోనుండాది గదా."

"నూనె ఏడికైనా పోతాది మునిరత్నం."

"పొయ్యింది మీరు సూసినారా?"

"చూడాల్సిన పని లేదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. దెయ్యాన్ని చూశానన్నవాణ్ణి "నువ్వు చూశావా?" అని ఎన్నోసార్లు నిలదీసినదాన్ని. అతను తువ్వాలు దులుపుకుని బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు వీరన్న గారు పట్టీ చేత్తో వచ్చారు. నా రిపోర్టు తెప్పించుకుని చదివారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"బాగా రాశావమ్మా. బొట్టు కుడి చక్రానికే పెట్టాడా?"

నేను చూసింది కుడి చక్రం ఒక్కటే. మునిరత్నానికి కబురు పెట్టి పిలిపించారు. అతను తలుపు దగ్గరే నిలబడి నా వైపు చూడకుండా చెప్పాడు. "నాలుగిటికీ పెడితిని సార్. ఒగదానికి పెట్టి ఒగదానికి పెట్టకుండా ఉంటానా? ఎడమదాన్ది కాలవ నీళ్ళకి పొయ్యింటుంది."

"మరి రెండు పక్కలా పెడితే ఒక పక్కకే ఎందుకు లాగిందమ్మా?" అన్నారు వీరన్న గారు.

తర్వాత ఆయన ఆ ఖాళీ పేజీ కథ చెప్పారు. కొండల్లో ఒక ఊరు, వీధుల్లోనే పందెం. నాలుగు చుట్లు మిగిలి ఉండగా ఆయన రెండో స్థానంలో ఉన్నారు. బ్రేకు తొక్కితే పెడలు నేలకి దిగిపోయింది. గడ్డిమోపుల్లోకి దూసుకుపోయి బయటపడ్డారు. బయటపడగానే కారు యజమానితో అన్న మొదటి మాట: ఎమిల్ బ్రేకులు సరిగా బిగించలేదు. ఎమిల్ ఆయన మెకానిక్కు. ఆ సాయంత్రమే ఎమిల్‌ని తీసేశారు. "ఆ రాత్రి పుస్తకం తీసి 'నేను' అని రాసి, కింద రాయడానికేం లేదనుకుని మూసేశాను" అన్నారు. మర్నాడు ఊరు విడిచేముందు ఎందుకో ఆ వీధంతా నడిచారు. మలుపు దగ్గర అందరి టైరు చారలూ దీపస్తంభం దగ్గర మొదలయ్యాయి. ఆయనవి మాత్రం అంతకు చాలా ముందు, చర్చి గోడ దగ్గరే మొదలయ్యాయి. ప్రతి చుట్టులోనూ అంతసేపు బ్రేకు తొక్కిపట్టి, పెడలు నేలకి దిగిపోయేలా గొట్టాల్లోని బ్రేకు నూనెను మరిగించేసింది తనే. అలా పట్టి ఉంచొద్దని ఎమిల్ పొద్దున్న చెప్పాడు కూడా.

"యజమాని దగ్గరికెళ్ళి చెప్పానమ్మా. 'వేరేవాడొచ్చేశాడు, అయిపోయిందిగా' అన్నాడు. నేను తలూపి వచ్చేశాను. ఎమిల్ ఇంటికెళ్తే తలుపు తియ్యలేదు. ఇంకో సీజను నడిపాను గానీ మనసు లేదు."

ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. కొలతలు చెప్పినట్టే చెప్పారు.

"నీ పెట్టెల్లో ఇంకో జత మిగిలుండాలి కదా. పూజ మొహం చూడనిది. అది తీసుకురా. డ్రమ్ములు కిరసనాయిలుతో కడిగించు. ఎడమ పెట్టెలోది కుడికి, కుడి పెట్టెలోది ఎడమకి బిగించమను. కుంకుమదే తప్పయితే ఇప్పుడు బండి నిటారుగా ఆగాలి. లైనింగుదయితే ఈసారి కుడికి లాగాలి."

లాబ్‌కి వెళ్ళి పెట్టెలు తెరిచాను. వేటి అంచునా చుక్క లేదు. ఆరోజు మధ్యాహ్నం పెడదామనుకున్న చుక్కలు. అవి లేకుండానే లైనింగుల్ని రెండు పెట్టెల్లో సర్దేశాను, ఒకదాంట్లో ఒక మిశ్రమం, ఇంకోదాంట్లో ఇంకొకటి పడి ఉండొచ్చు. అప్పుడే వెళ్ళి చెప్పేయవచ్చు. చెప్పలేదు. పెట్టెలు మోసుకొచ్చి ఇచ్చాను. ఏమో, రెండూ ఒకటేనేమో, నిటారుగానే ఆగుతుందేమో అని ఆశపడ్డాను. హేతువాదం చెప్పేదాన్ని, ఆ పావుగంటా మొక్కుకున్నంత పని చేశాను.

ఆయన కుడిచేత్తో స్టీరింగు పట్టుకున్నారు. గేరు వెయ్యడానికి ఎడమచెయ్యి లేదు. "ఎక్కమ్మా. ఇవాళ నా ఎడమచెయ్యి నువ్వే."

నేను పక్కన కూర్చుని గేరు కర్ర రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన క్లచ్ తొక్కి అంకె చెప్పేవారు, నేను లాగేదాన్ని.

"రెండు... మూడు. ఊఁ, భయపడకు, అది విరగదు. నాలుగు."

బాట పక్కన మునిరత్నం సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. గీత దాటగానే ఆయన బ్రేకు తొక్కారు. లారీ ముక్కు ఒక్కసారిగా తిరిగింది. నేను ఎడమ తలుపుకి కొట్టుకున్నాను. ఆయన దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒంటిచేత్తో స్టీరింగు తిప్పి బాట అంచున ఆపారు. కాలిన వాసన కాబిను నిండా కమ్ముకుంది.

"ఎటు లాగింది?"

"సార్, నేను ఆ రోజు చుక్కలు..."

"అది తర్వాత. ఎటు లాగిందో ముందు చెప్పు."

"కుడికి."

"రాయి."

రాశాను. తర్వాత ఆయన వినకపోయినా మిగతాదంతా చెప్పాను. దిగి వెళ్ళి మునిరత్నానికీ చెప్పాను. అతను చక్రం పక్కన గీత గీస్తూ "సెరి అమ్మా, ఆ మాట ఆఫీసులో సెప్పండి" అన్నాడు.

రెండో రిపోర్టు మూడు వాక్యాలు. జతలు కూర్చింది నేను. గుర్తులు పెట్టకుండా, చూడకుండా ఇచ్చి వెళ్ళింది నేను. ఫిట్టరు తప్పు లేదు. మేనేజరు చదివి కాగితం పక్కకి నెట్టారు. ఫైలు మూసేశామనీ, ఇప్పుడు తవ్వితే నాకే నష్టమనీ మర్యాదగానే చెప్పారు. బయటికొచ్చి ఆ మాట చెబితే వీరన్న గారు కిటికీలోంచి బాట వైపు చూస్తూ అన్నారు: "మా యజమాని కూడా ఇదే అన్నాడు. నేను తలూపాను. నువ్వు ఊపకు."

నేను మళ్ళీ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. మేనేజరు భోజనానికి వెళ్ళొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. రెండు ఫోన్లు మాట్లాడారు. నేను అక్కడే ఉన్నాను. సాయంత్రం నాలుగు దాటాక "ఎన్నమ్మా నువ్వు" అని సగం తమిళంలో విసుక్కుంటూ సంతకం పెట్టారు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. అది న్యాయమే. మునిరత్నం మర్నాడు పనిలోకి వచ్చాడు. ఆ నెలాఖరున పర్మనెంటు అయ్యాడు. నాతో మాత్రం పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు, ఏడాది పాటు.

మరుసటి ఆయుధపూజకు నేను ఇంటికి వెళ్ళలేదు. చుక్కలు పెట్టి, జతలు కూర్చి, సంతకం చేసి, చేతులు కడుక్కుని లాబ్ గుమ్మంలో నిలబడ్డాను. దణ్ణం పెట్టలేదు. పెట్టను కూడా. మునిరత్నం కుంకుమ గిన్నె పట్టుకుని లారీ దగ్గర నుంచి కేకేశాడు.

"ఏమ్మా, బయట పెట్టేదా, లోపల పెట్టేదా?"

ఫిట్టర్లంతా గొల్లుమన్నారు. వీరన్న గారు మీసం తడుముకున్నారు. నేనూ నవ్వాను. తర్వాత మునిరత్నం కాగితంలో బొరుగులు, శనగపప్పు పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తిన్నాను.

ఇది చదివి నేను మెత్తబడ్డాననుకునేవారు ఉంటారు. మునిరత్నం కుంకుమ వల్ల లారీ కాలవలో పడలేదు. ఆ కుంకుమ వల్ల ఏనాడూ ఏ లారీ సరిగా ఆగనూ లేదు. గుమ్మడికాయలు నడిరోడ్డు మీద పగలగొట్టి స్కూటర్లను జారవిడిచే పద్ధతిని నిన్న కూడా తిట్టాను, రేపూ తిడతాను. కానీ తిట్టేముందు ఒక పని చేస్తాను. నా వాదాన్ని విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి ఒకసారి నడిపి చూస్తాను. నా పక్షంవాడు ఇదే పని చేసి ఉంటే ఇంత నమ్మకంగా ఇలాగే రాసేదాన్నా? ఎటు లాగుతోందో రాసుకుంటాను. అలా చూశాక చింపేసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. మిగిలినవి గట్టిగా నిలబడ్డాయి.

వీరన్న గారు రిటైరయ్యాక పురసవాక్కంలోనే ఒక మేడ మీది గదిలో ఉన్నారు. ఊపిరి ఆడకే చనిపోయారు, చివరి నెలల్లో ఎక్కువ మాట్లాడలేకపోయారు. ఆ రోజుల్లో ఒకసారి చూడ్డానికి వెళ్తే నల్ల పుస్తకం తీయించారు. ఖాళీగా ఉన్న ఆ పేజీ ఇప్పుడు ఖాళీగా లేదు. "నేను" కింద ఫ్రెంచిలో ఒక్క వరుస ఉంది. ఎప్పుడు రాశారో అడగలేదు, ఏం రాశారో అడగవలసిన అవసరం లేదు.

సిగ్నల్ పచ్చగా మారింది. బస్సు కదిలింది, వాసన పలచబడింది. నేను సంచిలోంచి వ్యాసం తీశాను. ప్రధానోపాధ్యాయురాలి పేరు నాలుగుచోట్ల ఉంది. పిల్లల్ని గ్రహణం వల్లే పంపేశారని నాకెలా తెలుసు? ఎవరో తల్లి ఇంకెవరికో పంపిన సందేశం నా ఫోనుకు వచ్చింది. ఆ బడికి నేను వెళ్ళలేదు. ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు.

"బాబూ, పత్రికాఫీసు వద్దు. వెనక్కి తిప్పు. చూలైలో ఒక బడుంది, ఆడికి పోనీ."

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఏందమ్మా, ఏమన్నా మరిచిపోయినారా?"

"ఇంకా చూడలేదబ్బా" అన్నాను.